డేట్‌కి వారం ముందు ఆకలి, తీపి యావ, పెరిగే ఫాస్టింగ్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

తార్నాక టిఫిన్ | సోమవారం, రాత్రి 9:10

ఈ గ్రూపులో నెలకోసారి ఇదే ప్రశ్న వేరే వేరే మాటల్లో వస్తోంది. డేట్‌కి (నెలసరికి) వారం ముందు ఎంత తిన్నా కడుపు నిండదు, తీపి కనిపిస్తే చేయి ఆగదు, ఫాస్టింగ్ (పొద్దున్న పరగడుపు షుగర్) కూడా నాలుగు పాయింట్లు ఎక్కుతుంది, ఇది హార్మోన్ల పనా, నోటి చాపల్యమా అని. విడివిడిగా జవాబులు రాసే కంటే అంతా ఒకచోట పెడదాం. తప్పులుంటే మొహమాటం లేకుండా దిద్దండి.

ముందు రోజుల లెక్క సరిచేసుకోవాలి, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే. 28 రోజుల చక్రం అనేది పుస్తకాల్లో లెక్క. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల దాకా మామూలే. ఇందులో ఎక్కువగా సాగేదీ, కుదించుకునేదీ మొదటి సగం. అండం విడుదలయ్యాక డేట్ వచ్చేదాకా ఉండే రెండో సగం (ల్యూటియల్ దశ) చాలామందిలో 12–14 రోజులే. అంటే 35 రోజులకి డేట్ వచ్చేవాళ్లకి అండం విడుదలయ్యేది 14వ రోజున కాదు, ఇంచుమించు 21వ రోజున. "15వ రోజు దాటింది కదా, అందుకే ఆకలి" అని వాళ్లు అనుకుంటే, అసలు మార్పు ఇంకా మొదలే కాలేదన్నమాట.

ఇక ఆకలి. మొదటి సగంలో ఈస్ట్రోజెన్ పెరుగుతూ పోతుంది. అది మెదడులో ఆకలి తగ్గిస్తుంది, తిన్నాక "ఇక చాలు" అనిపించే సంకేతాన్ని బలంగా పనిచేయిస్తుంది. అందుకే నెల మొత్తంలో తిండి తక్కువగా వెళ్లేది అండం విడుదలయ్యే రోజుల చుట్టూ. తర్వాత ప్రొజెస్టెరాన్ పైచేయి అవుతుంది, ఆ బ్రేకు వదులవుతుంది. ఆకలి ఎక్కడినుంచో కొత్తగా వచ్చినట్టు అనిపిస్తుంది గానీ, సగం సంగతి బ్రేకు పోవడమే.

పెసరట్టు ఉప్మా | సోమవారం, రాత్రి 9:48

టిఫిన్ గారూ, ఎంత పెరుగుతుందో అంకె చెప్పకపోతే మనవాళ్లు దీన్ని బిర్యానీకి సర్టిఫికెట్ చేసేసుకుంటారు. పాత అధ్యయనాల్లో రెండో సగంలో రోజుకి 90 నుంచి 500 కేలరీల దాకా ఎక్కువ తిన్నట్టు చెప్పారు. ఈమధ్య అన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణలో సగటు దాదాపు 170 దగ్గర తేలింది. అంటే ఇరానీ చాయ్ పక్కన పెట్టే ఉస్మానియా బిస్కెట్లు రెండు. అంతే.

అప్పుడు ఒంటికి ఖర్చు కూడా పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కొద్దిగా. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, దాంతోపాటు విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా స్వల్పంగా పెరుగుతుంది. ఆ స్వల్పం ఫుల్ ప్లేట్ బిర్యానీకి సరిపోయేంత కాదు.

గైనిక్ ఓపీ | సోమవారం, రాత్రి 10:30

ఆకలి సంగతి మీరిద్దరూ చెప్పారు, ఇన్సులిన్ సంగతి నేను చెప్తాను.

ఇన్సులిన్‌కి కణాలు ఎంత బాగా స్పందిస్తాయన్నది నెలంతా ఒకేలా ఉండదు. ఈస్ట్రోజెన్ దాన్ని మెరుగుపరుస్తుంది. ప్రొజెస్టెరాన్ కండరాల్లో, కొవ్వులో గ్లూకోజ్ లోపలికి వెళ్లే దారిని కొంత ఇరుకు చేస్తుంది. అమెరికాలో బఫెలో దగ్గర 259 మంది ఆరోగ్యవంతులైన మహిళల మీద బయోసైకిల్ అనే అధ్యయనం జరిగింది, ఫలితాలు 2010లో వచ్చాయి. ఇన్సులిన్ నిరోధకతను అంచనా వేసే హోమా సూచీ మొదటి సగం మధ్యలో 1.35 ఉంటే, అండం విడుదలయ్యాక 1.59కి వెళ్లి, డేట్ వచ్చేసరికి మళ్లీ 1.36కి దిగింది. ఈ అంకెలో రెండు విషయాలు చూడండి. ఒకటి, మార్పు నిజమే. రెండు, షుగర్ లేని మనిషికి ఇది ఏమాత్రం జబ్బు కాదు, క్లోమం కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దేసుకుంటుంది. ఆ సర్దుకునే స్తోమత లేనివాళ్లలోనే, అంటే టైప్ 1లో, టైప్ 2లో, షుగర్ అంచున ఉన్నవాళ్లలో, అది రీడింగులో బయటపడుతుంది.

ఇంకో ముక్క. 2023లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు ముక్కు ద్వారా ఇన్సులిన్ ఇచ్చి, మెదడు దానికి ఎలా స్పందిస్తుందో చూశారు. మొదటి సగంలో మెదడు ఇన్సులిన్‌ని గుర్తించి ఒంట్లో పనితీరు మెరుగుపరిచింది, రెండో సగంలో అలా చేయలేదు. పాల్గొన్నవాళ్లు చాలా కొద్దిమందే కాబట్టి దీన్ని పట్టుకుని మందులు మార్చకూడదు. కానీ ఆకలీ షుగరూ ఒకేసారి ఎందుకు అదుపు తప్పుతాయో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

లెక్కల పిచ్చి | మంగళవారం, ఉదయం 6:55

డాక్టర్ గారూ, నమస్తే. ఇంట్లో దీన్ని కొలవాలంటే ఎలా అన్నది నా వంతు. ఇక్కడ జనం చేసే తప్పు ఏమిటంటే, ఒక నెల 4వ రోజు 101, 24వ రోజు 109 చూసి "హార్మోన్లు" అని తేల్చేస్తారు. గ్లూకోమీటర్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు ఉన్నప్పుడు 15 పాయింట్లు అటూ ఇటూ, 100 పైన 15 శాతం అటూ ఇటూ చూపించినా మీటరు పాసయినట్టే. 101కీ 109కీ మధ్య తేడా మీటరు గుణం కావచ్చు, మీ గుణం కాకపోవచ్చు.

అందుకని ఒక్క రీడింగు కాదు, మూడేసి రోజుల సగటు తీయాలి. కనీసం మూడు నెలలు.

మొదటి మూడు: డేట్ వచ్చాక 5, 6, 7 రోజులు. రెండో మూడు: అండం విడుదలయ్యాక 7, 8, 9 రోజులు. రెండుసార్లూ ఫాస్టింగ్ ఒకటి, టిఫిన్ మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఒకటి. టిఫిన్ ఆ ఆరు రోజులూ ఒకటే ఉండాలి. మధ్యస్థం సైజు ఇడ్లీలో 10–12 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి మూడు ఇడ్లీలు, చిన్న గిన్నె సాంబారు, రెండు చెంచాల పల్లీ చట్నీ అనుకుందాం. ఒకరోజు ఇడ్లీ, ఇంకోరోజు పూరీ తిని పోలిస్తే మీరు కొలిచేది పూరీని.

అండం ఎప్పుడు విడుదలైందో యాప్ చెప్పదు, గత నెలలు చూసి ఊహిస్తుంది. మెడికల్ షాపులో దొరికే ఎల్‌హెచ్ (అండం విడుదలకి ముందు ఎగిసే హార్మోన్) స్ట్రిప్‌తో మూత్రం పరీక్షించండి. గీత ముదురుగా వచ్చాక 24–36 గంటల్లో అండం విడుదలవుతుంది. లేదా పొద్దున్న మంచం దిగకముందే నాలుక కింద టెంపరేచర్ రాసుకోండి, మూడు రోజులు వరసగా పైన నిలిచిందంటే అయిపోయినట్టే.

వేలు కడుక్కుని తుడుచుకోవడం మర్చిపోకండి. మామిడిపండు ముట్టుకున్న వేలితో రీడింగు తీస్తే 200 చూపించినా ఆశ్చర్యం లేదు, అది పండు తీపి.

ల్యాబ్ గాజుగొట్టం | మంగళవారం, ఉదయం 8:20

ల్యాబ్‌కి వచ్చేవాళ్లలో కనిపించే తప్పులు కొన్ని.

"21వ రోజు ప్రొజెస్టెరాన్" అని చీటీ మీద రాసి ఉంటుంది. అది 28 రోజుల చక్రానికి. అసలు ఉద్దేశం రాబోయే డేట్‌కి ఏడు రోజుల ముందు. 35 రోజులవాళ్లు 28వ రోజున ఇవ్వాలి. మిల్లీలీటరుకి 3 నానోగ్రాములకు మించి వస్తే అండం విడుదలైందని అర్థం. 21వ రోజునే ఇచ్చేసి తక్కువొచ్చిందని కంగారుపడేవాళ్లు బోలెడంత మంది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని మెషిన్లలో బయోటిన్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది, ప్రొజెస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రెండు మూడు రోజులు ఆపి రండి.

హోమా లెక్క కావాలంటే: ఫాస్టింగ్ ఇన్సులిన్‌ని ఫాస్టింగ్ గ్లూకోజ్‌తో గుణించి 405తో భాగించాలి. ఇన్సులిన్ 9, గ్లూకోజ్ 90 అయితే సరిగ్గా 2. ఈ ఏడాది 6వ రోజు ఇచ్చి, వచ్చే ఏడాది 25వ రోజు ఇచ్చి "పెరిగింది" అంటే పోలిక చెల్లదు. ఒకే దశలో ఇవ్వండి.

అన్నిటికంటే ముఖ్యం హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష). బ్లీడింగ్ ఎక్కువై ఐరన్ తగ్గినవాళ్లలో ఇది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి కొత్త రక్తం పడుతున్నప్పుడు తక్కువ చూపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, కాబట్టి ఇది అరుదైన సంగతేం కాదు. హెచ్‌బీఏ1సీ 6.0, ఇంట్లో రీడింగులు మాత్రం అన్నీ బాగున్నాయి అంటే షుగర్ మందుకంటే ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడాలి.

పెసరట్టు ఉప్మా | మంగళవారం, ఉదయం 8:41

గాజుగొట్టం గారి చివరి పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి అందరూ.

కాకరకాయ వేపుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

చాక్లెట్ మీదకి మనసు పోతే ఒంట్లో మెగ్నీషియం తగ్గినట్టే అని రీల్స్‌లో చెప్తున్నారు. నిజమేనా? అలాగే గింజల పద్ధతి, మొదటి సగం అవిసె, గుమ్మడి గింజలు, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు?

పెసరట్టు ఉప్మా | మంగళవారం, మధ్యాహ్నం 2:02

మెగ్నీషియం కోసమే అయితే మనసు తోటకూర మీదకి, గుమ్మడి గింజల మీదకి పోవాలి. ఎవరికీ పోదు. ఒంటికి ఏది లోటో నాలుకకి తెలుస్తుందన్న మాట చాలావరకు అబద్ధం. అమెరికాలో దాదాపు సగం మంది మహిళలు డేట్ చుట్టూ చాక్లెట్ కావాలంటారు, వేరే దేశాల్లో పుట్టి అక్కడికి వెళ్లినవాళ్లలో ఆ మాట చాలా తక్కువ. హార్మోన్లు అందరికీ ఒకటే కదా. మరి తేడా ఎక్కడిది? అలవాటు నుంచి, వినికిడి నుంచి. మన ఊళ్లో అదే యావ మిర్చి బజ్జీ మీద, మిక్స్చర్ మీద, ఆవకాయన్నం మీద తేలుతుంది. హార్మోన్ "ఏదో ఒకటి తిను" అనేదాకా తోస్తుంది, ఏది తినాలో చెప్పేది వీధి చివరి బండి.

గింజల పద్ధతి హార్మోన్లను సరిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. గింజలు తినండి, మంచివే. క్యాలెండర్ చూసి తినక్కర్లేదు.

గైనిక్ ఓపీ | మంగళవారం, రాత్రి 9:25

"చాలావరకు" అన్న మాట మీరు వాడారు కాబట్టి సరిపోయింది, ఎందుకంటే ఒక మినహాయింపు ఉంది, దాన్ని మనవాళ్లు నవ్వి వదిలేస్తారు. బలపాలు కొరకడం, పచ్చి బియ్యం బొక్కడం, మట్టి వాసనకి నోరూరడం, ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు అదేపనిగా నమలడం. ఇవి నెలసరి యావలు కావు. ఐరన్ లోపంలో తరచుగా కనిపించే లక్షణాలు. హిమోగ్లోబిన్ ఇంకా బాగానే ఉండి ఫెరిటిన్ ఒక్కటే పడిపోయినప్పుడు కూడా వస్తాయి. ఫెరిటిన్ 15 లోపు ఉంటే నిల్వలు ఖాళీ అయినట్టే. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు మందు మొదలుపెడతారు. ఐరన్ భర్తీ అవుతుంటే బలపం మీద ధ్యాస దానంతటదే పోతుంది, తిట్టక్కర్లేదు, దాచక్కర్లేదు.

తీపి యావకి ఎంతోకొంత ఆధారం ఉన్న పోషకం మెగ్నీషియం కాదు, కాల్షియం. 1998లో 466 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకి 1200 మి.గ్రా. కాల్షియం తీసుకున్నవాళ్లకి మూడో నెలకి డేట్ ముందు లక్షణాలు 48 శాతం తగ్గాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి 30 శాతం. లక్షణాల్లో తిండి యావ కూడా ఒకటి. ఉత్తుత్తి మాత్రకే 30 తగ్గిందన్నది కూడా గమనించండి. మాత్ర కంటే ముందు పాలు, పెరుగు, రాగులు చూసుకోండి. మాత్రే కావాలంటే ఒకేసారి కాకుండా రెండు పూటలా తిన్నాక. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వద్దు, ఒకటి రెండోదాన్ని అడ్డుకుంటుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు అడిగి వాడాలి.

బేసల్ బోలస్ | మంగళవారం, రాత్రి 10:50

టైప్ 1 వాళ్ల కోసం ఇది. మిగతావాళ్లు దాటేయొచ్చు.

ముందు రెండు మూడు నెలల సీజీఎం (ఒంటికి అంటించుకుంటే షుగర్ నిరంతరం చూపే పరికరం) గ్రాఫులు డేట్‌తో జతచేసి చూడండి. అందరికీ పెరగదు. కొందరికి డేట్‌కి మూడు నుంచి ఏడు రోజుల ముందు ఎక్కుతుంది, కొందరికి ఏ తేడా ఉండదు, కొద్దిమందికి తగ్గుతుంది కూడా. పక్కవాళ్లని చూసి డోసు పెంచకండి.

పెరుగుతోందని తేలితే డాక్టర్‌తో మాట్లాడి బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) ముందు 10 శాతం పెంచుతారు. 20 యూనిట్లు వేసుకునేవాళ్లకి 22. రెండు మూడు రోజులు చూసి చాలకపోతే 20 శాతం దాకా. పంపు ఉన్నవాళ్లు ఆ వారానికి ఇంకో బేసల్ ప్యాటర్న్ పెట్టుకుంటే తేలిక, డేట్ రాగానే పాతదానికి మారొచ్చు.

తప్పు జరిగేది పెంచడంలో కాదు, దించడంలో. డేట్ వచ్చే ముందు రోజో, వచ్చిన రోజో ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, ఇన్సులిన్ మళ్లీ గట్టిగా పనిచేస్తుంది. పెంచిన డోసు అలాగే ఉంటే ఆ రాత్రి "లో" అవుతారు, అంటే షుగర్ బాగా పడిపోతుంది. డెగ్లూడెక్ లాంటివి ఇంకా చిక్కు, ఇవాళ తగ్గించింది పూర్తిగా తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అలాంటి ఇన్సులిన్ వాడేవాళ్లు బ్లీడింగ్ కోసం ఎదురుచూడకుండా, ఫాస్టింగ్ దిగడం మొదలవగానే తగ్గించాలి. లేదా బేసల్ ముట్టుకోకుండా భోజనం డోసులతోనే సర్దుకోవాలి.

రెండో తప్పు దిద్దుబాటు డోసులు ఒకదానిమీద ఒకటి వేయడం. రోజు మొత్తం 40 యూనిట్లు వాడేవాళ్లకి 1800ని 40తో భాగిస్తే 45, అంటే ఒక యూనిట్ 45 పాయింట్లు దించుతుంది. ఈ వారంలో అది 35 మాత్రమే దించవచ్చు. దిగలేదని గంటకే ఇంకోటి, ఇంకో గంటకి మరోటి వేస్తే మూడూ కలిసి అర్ధరాత్రి పనిచేస్తాయి. కనీసం మూడు నాలుగు గంటలు ఆగండి. 250 దాటి దిగనంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూడండి.

లో అయితే మూడు చెంచాల పంచదార నీళ్లలో, 15 నిమిషాలాగి మళ్లీ రీడింగు. "ఎలాగూ తినాలనుంది కదా" అని చాక్లెట్ తింటే అందులో కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది, ఈలోపు కళ్లు తిరుగుతాయి.

కాకరకాయ వేపుడు | బుధవారం, ఉదయం 7:30

టైప్ 2, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ల సంగతి? వారం రోజులు మాత్ర పెంచుకోవచ్చా?

గైనిక్ ఓపీ | బుధవారం, ఉదయం 7:52

వద్దండి. మెట్‌ఫార్మిన్ వారానికోరకంగా పెంచి దించే మందు కాదు. గ్లిమెపిరైడ్ లాంటివి సొంతంగా పెంచితే డేట్ రోజున లో అవుతారు. ఆ వారం కంచంలో మార్పు చాలు, అది టిఫిన్ గారు చెప్తారు.

తార్నాక టిఫిన్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఆ రోజుల్లో నోరు కట్టుకోమని చెప్పడం కంటే పనికిమాలిన సలహా లేదు. పొద్దంతా కట్టుకుంటారు, సాయంత్రం కట్టు తెగుతుంది. హైదరాబాద్‌లో అది ఎక్కువగా తెగే సమయం సాయంత్రం ఐదూ ఎనిమిదీ మధ్య. మధ్యాహ్నం ఒంటిగంటకి డబ్బా తిని, మాదాపూర్‌లో ఆఫీసు వదిలి, అమీర్‌పేటలో మెట్రో మారి ఎల్బీ నగర్ దాకా వెళ్లేసరికి ఏడున్నర. దిగిన చోట బజ్జీల బండి. అక్కడ తప్పు బండిది కాదు, ఆరున్నర గంటల ఖాళీది.

కాబట్టి ఆ 170 కేలరీలను ముందే ప్లాన్ చేసి, నాలుగున్నర ఐదింటికి ఇచ్చేయండి. 50 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు దాదాపు అంతే కేలరీలు, దగ్గర దగ్గర 10 గ్రాముల ప్రొటీన్, బోలెడంత పీచు. లేదా 30 గ్రాముల వేయించిన పల్లీలు, అంటే ఒక చిన్న గుప్పెడు. అదే పల్లీలు పట్టీ రూపంలో వస్తే సగం బెల్లం, రెండో పట్టీ దగ్గర ఆగడం కష్టం.

బెల్లం గురించి కూడా చెప్పేస్తాను. బెల్లంలో ఐరన్ ఉందని పంచదార బదులు వేస్తుంటారు. 10 గ్రాముల బెల్లంలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మహిళలకి సిఫారసు చేసేది రోజుకి 29. షుగర్ రీడింగుకి బెల్లం, పంచదార అక్కాచెల్లెళ్లే. చిమ్మిలి ఉండ మంచి తిండే, నువ్వుల వల్ల. కానీ 25 గ్రాముల ఉండలో సగం బెల్లమని గుర్తుపెట్టుకుని ఒకటి తినండి, అది కూడా భోజనం చివర.

"భోజనం చివర" అన్నది తేలిగ్గా తీసుకోకండి. అదే తీపి ఖాళీ కడుపున చాయ్‌తో తింటే ఒక ఎత్తు, కూర, పప్పు, పెరుగు తిన్నాక తింటే ఇంకో ఎత్తు. రీడింగు నిమ్మళంగా ఎక్కుతుంది. డబుల్ కా మీఠా కావాలనిపిస్తే రెండు చెంచాలు, అప్పుడు. తిన్న అరగంటలోపు పదిహేను నిమిషాలు నడక, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయినా సరే.

రాత్రి అన్నం కప్పు కొలిచి పెట్టుకోండి. వండిన అన్నం 150 గ్రాముల్లో 42 గ్రాముల పిండిపదార్థం. చేత్తో పెట్టుకుంటే 150 అనుకున్నది 250 అవుతుంది, ఆ వారంలో మరీను. లేదా పొట్టు పెసలు 60 గ్రాములు నానబెట్టి రెండు పెసరట్లు, 14 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. మన ఉప్మా గారు క్షమించాలి, పెసరట్టులో ఉప్మా మాత్రం ఆ వారం వద్దు.

పెసరట్టు ఉప్మా | బుధవారం, మధ్యాహ్నం 12:58

పేరు మార్చుకోమంటారా ఇక.

లెక్కల పిచ్చి | బుధవారం, సాయంత్రం 6:20

పీసీఓఎస్ (డేట్లు తప్పించే అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లకి నేను చెప్పిన పద్ధతి పనిచేయదు, అది రాయడం మర్చిపోయాను. వాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎత్తులోనే ఉండొచ్చు కాబట్టి స్ట్రిప్ మీద గీత ఊరికే ముదురుగా వస్తుంటుంది. ఉష్ణోగ్రత పద్ధతి, లేదా ప్రొజెస్టెరాన్ పరీక్ష నయం.

గైనిక్ ఓపీ | బుధవారం, రాత్రి 9:40

అవును, ఇంకా ముఖ్యమైనది: రెండు మూడు నెలలకోసారి డేట్ వచ్చేవాళ్లలో చాలా చక్రాల్లో అండమే విడుదల కాదు. అండం లేకపోతే ల్యూటియల్ దశ లేదు. కాబట్టి వాళ్ల ఆకలికీ ఫాస్టింగ్‌కీ "డేట్‌కి ముందు కదా" అన్న కారణం చెల్లదు. అక్కడ ఇన్సులిన్ నిరోధకత నెలంతా ఉంటుంది. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా మారిన చర్మం దానికి గుర్తు. మురికి అనుకుని రుద్దుతుంటారు.

వాళ్లకి ఫాస్టింగ్ ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి రక్తం ఇచ్చే పరీక్ష చేయించాలి. 140 లోపు మామూలు, 140–199 షుగర్ అంచు, 200, ఆపైన షుగర్. ఫాస్టింగ్ 92 ఉండి రెండు గంటలకి 165 వచ్చే కేసులు పీసీఓఎస్‌లో కొత్తేం కాదు.

ఇమ్లీబన్ ఇడ్లీ | గురువారం, ఉదయం 10:05

వ్రతాలకీ పెళ్లిళ్లకీ డేట్ వాయిదా వేసే మాత్రలు వాడితే షుగర్ మీద ప్రభావం ఉంటుందా? కార్తీక సోమవారం ఉపవాసాలు, రంజాన్ రోజాల గురించి కూడా ఎవరైనా రాయండి.

మందుల అర | గురువారం, మధ్యాహ్నం 3:30

ఆ మాత్ర నోరెథిస్టెరాన్. మామూలుగా 5 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, రావాల్సిన డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెడతారు. ఆపిన రెండు మూడు రోజులకి బ్లీడింగ్ వస్తుంది. ఇది ప్రొజెస్టెరాన్ జాతి మందు, అంటే రెండో సగాన్ని చేత్తో సాగదీసినట్టే: పొట్ట ఉబ్బరం, ఆకలి, షుగర్ ఉన్నవాళ్లలో రీడింగులు పెరగడం అన్నీ ఇంకొన్ని రోజులు. వ్రతం రోజు పులిహోర, చక్కెర పొంగలి, పరమాన్నం వీటికి తోడు. షాపులో చీటీ లేకుండా అడిగేవాళ్లు చాలామంది, కానీ కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇది ప్రమాదం. ఆ మూడు ప్రశ్నలు అడగకుండా ఇచ్చే షాపులో కొనకండి.

ఉపవాసం: నక్షత్రం చూసేదాకా ఆగి సగ్గుబియ్యం ఉప్మాతో విడిస్తే, అది దాదాపు ఒట్టి పిండి, షుగర్ నిలువునా ఎక్కుతుంది. పక్కన పెరుగు, పల్లీలు ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్లు ఉపవాసం ముందు డాక్టర్‌ని అడగాలి, షుగర్ మామూలుగానే కనిపిస్తూ కీటోన్లు పెరగొచ్చు.

రంజాన్‌లో చిక్కు ఇంకోరకం. డేట్ వచ్చిన రోజుల్లో రోజా ఉండదు కాబట్టి పగలు తింటారు, కానీ మందులు మాత్రం సహరీ, ఇఫ్తార్ లెక్కనే వేసుకుంటూ పోతారు. పొద్దుటి పెద్ద డోసు ఇఫ్తార్‌కి మార్చి ఉంటుంది. పగలంతా మందు తక్కువ, తిండి మామూలు, సాయంత్రం మందు ఎక్కువ, పైగా డేట్ రోజుల్లో ఇన్సులిన్ బాగా పనిచేసే సమయం. రాత్రి లో అవడానికి ఇంతకంటే ఏం కావాలి. రోజా లేని రోజులకి వేరే డోసు చీటీ రంజాన్‌కి ముందే రాయించుకోవాలి.

కాకరకాయ వేపుడు | గురువారం, రాత్రి 8:15

చివరిగా ఒకటి. ఆ వారంలో బరువు కేజీన్నర పెరిగితే అది తిండా, నీరా?

తార్నాక టిఫిన్ | గురువారం, రాత్రి 8:50

170 కేలరీల చొప్పున వారం ఎక్కువ తింటే 1,190. ఒక కేజీ కొవ్వుకి సుమారు 7,700 కావాలి. కాబట్టి కొవ్వు 150 గ్రాములు, మిగతాదంతా నీరు, కొంత పేగుల్లో బరువు. డేట్ వచ్చిన మొదటి రోజు చుట్టూ నీరు ఎక్కువగా నిలుస్తుంది, తర్వాత మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది. ఆవకాయ, అప్పడాలు, మిక్స్చర్ కలిసి ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటితే ఇంకా నిలుస్తుంది. బరువు నెలకి ఒకసారే, డేట్ వచ్చాక 7వ రోజు పొద్దున్న చూసుకోండి.

గైనిక్ ఓపీ | గురువారం, రాత్రి 9:30

ఒకటి చేర్చాలి. తిండి యావతో పాటు ఆ వారంలో బతుకు మీద విరక్తి, పట్టలేని కోపం, ఏడుపు వచ్చి, డేట్ రాగానే తెర తీసినట్టు పోతుంటే అది పీఎమ్‌డీడీ (డేట్ ముందు వచ్చే తీవ్రమైన మానసిక సమస్య) కావచ్చు. రెండు నెలలు ఏ రోజుకారోజు రాసిన నోటుబుక్కు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గుర్తుతెచ్చుకుని చెప్తే సరిపోదు. దీనికి మందులున్నాయి, కొందరికి డేట్‌కి ముందు రెండు వారాలు వాడితే చాలు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నోటుబుక్కు కోసం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి, లేదా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

లెక్కల పిచ్చి | గురువారం, రాత్రి 10:12

నోటుబుక్కులో గళ్లు: తేదీ, చక్రంలో ఎన్నో రోజు, పొద్దుటి ఉష్ణోగ్రత, ఫాస్టింగ్, టిఫిన్ తర్వాత, ఆకలి పదికి ఎంత, మూడ్, నిద్ర ఎన్ని గంటలు. నిద్ర గడి వదిలేయకండి. రెండో సగంలో ఒంటి వేడి వల్ల నిద్ర చెదురుతుంది, నిద్ర తక్కువైన మర్నాడు ఆకలీ ఫాస్టింగూ రెండూ పెరుగుతాయి. నాలుగు గంటలే పడుకున్న రోజు రీడింగు పక్కన చుక్క పెట్టి, సగటులోంచి తీసేయండి.

గ్లూకోమీటర్ స్ట్రిప్‌ల డబ్బా ఏప్రిల్, మేలో స్కూటీ డిక్కీలో పెట్టొద్దు. వాటికి 30 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది.